ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్న పెన్షనరుకు అదనపు బీమా: ఏది ఎవరికి సరిపోతుంది?

రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయులకు, రెవెన్యూ, పంచాయతీరాజ్ సిబ్బందికి ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు ఉంది. తపాలా, ఆదాయపు పన్ను వంటి కేంద్ర శాఖల వారికి సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్, బిట్రగుంటలోనూ చుట్టుపక్కలా స్థిరపడిన రైల్వే పెన్షనర్లకు రైల్వే వైద్య పథకం ఉన్నాయి. అయినా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెన్షనర్లు నలుగురు కూర్చున్న ప్రతిచోటా అదనపు ఆరోగ్య బీమా ప్రస్తావన రాక మానదు. కార్డు ఉండగా ఏటా వేలకు వేలు ప్రీమియం దేనికని కొందరంటారు. ఆ కార్డును నమ్ముకుంటే అవసరానికి అక్కరకు రాదని మరికొందరంటారు. ఇద్దరూ తమ ఇంట్లో జరిగినదాన్ని బట్టే మాట్లాడుతున్నారు కాబట్టి ఇద్దరి మాటా కొట్టిపారేయలేం.

మా సంఘం కార్యాలయానికి వచ్చేవారి పాలసీ కాగితాలు, ఆసుపత్రి బిల్లులు చూస్తూ వచ్చిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ప్రభుత్వ కార్డులో డబ్బు తక్కువపడి ఇబ్బంది పడేవారికంటే, తాము వెళ్ళదలచిన ఆసుపత్రిలో అది చెల్లక ఇబ్బంది పడేవారే ఎక్కువ. అందువల్ల అదనపు బీమా కొనేముందు "ఎన్ని లక్షలకు కొనాలి" అన్నది కాక, "జబ్బు చేస్తే నేను ఏ ఊరికి, ఏ ఆసుపత్రికి వెళ్తాను, అక్కడ నా కార్డు చెల్లుతుందా" అన్నది తేల్చుకోవాలి. దీనికి జవాబు దొరికితే కింద చెప్పే పద్ధతుల్లో సగం వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

## ముందుగా చేతిలో ఉన్న కార్డు విలువ

ఈహెచ్ఎస్ 2013లో మొదలైంది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు దీన్ని నడుపుతోంది. హోదాను బట్టి పెన్షన్ నుంచి నెలకు 225 లేదా 300 రూపాయలు మినహాయిస్తారు. అంటే ఏడాదికి 3,600 రూపాయలకు మించని వాటాతో, వయసుతో నిమిత్తం లేకుండా, పాత జబ్బులకు సైతం మొదటి రోజు నుంచే, భార్యాభర్తలిద్దరికీ రక్షణ లభిస్తోంది. ఇటువంటి షరతులతో పాలసీ ఇచ్చే బీమా కంపెనీ ఒక్కటీ లేదు. ప్రైవేటు పాలసీ తీసుకున్నాం కదా అని కార్డు వివరాలు సరిచేయించుకోకుండా, జీవిత భాగస్వామి పేరు చేర్పించకుండా వదిలేసేవారు ఈ సంగతి గుర్తించాలి.

దీని పరిమితులూ అంతే స్పష్టంగా ఉన్నాయి. నగదు రహిత చికిత్స ట్రస్టుతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే, జాబితాలో ఉన్న చికిత్సలకే, ట్రస్టు నిర్ణయించిన ప్యాకేజీ ధరకే జరుగుతుంది. ఒకే ఆసుపత్రిలో గుండె విభాగానికి కార్డు చెల్లి, ఎముకల విభాగానికి చెల్లకపోవచ్చు. నెట్‌వర్క్ బయట చికిత్స చేయించుకుని తర్వాత రీయింబర్స్‌మెంటుకు పెట్టుకుంటే, అసలు బిల్లు ఎంత ఉన్నా ప్రభుత్వ నిర్ణీత ధరల మేరకే మంజూరవుతుంది. ఆ డబ్బు చేతికందే దాకా ఖర్చంతా ఇంటివారే భరించాలి.

సీజీహెచ్ఎస్ దారి వేరు. కార్డుకు వాటా పే లెవెల్‌ను బట్టి నెలకు 250 నుంచి 1,000 రూపాయల వరకు ఉంటుంది. 120 నెలల వాటా ఒకేసారి చెల్లిస్తే జీవితకాలపు కార్డు వస్తుంది. నెలకు 650 రూపాయల లెవెల్‌లో ఉన్నవారికి అది 78,000 రూపాయలు. సీజీహెచ్ఎస్ కేంద్రాలు లేని ప్రాంతాల్లో ఉండే పెన్షనర్లకు నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం ఉంది. బయటి రోగి చికిత్సకు ఈ భత్యం తీసుకుంటూ, ఆసుపత్రిలో చేరే అవసరానికి సీజీహెచ్ఎస్ కార్డు ఉంచుకునే ఏర్పాటు కూడా ఉన్నా, చాలామంది భత్యం ఒక్కటే తీసుకుని ఊరుకుంటున్నారు. నెల్లూరు వారికి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే. చెన్నై సీజీహెచ్ఎస్ నగరం కూడా కాబట్టి ఈ కార్డు వారికి రెండు రకాలుగా పనికొస్తుంది.

ఈసీహెచ్ఎస్‌లో ఒకసారి వాటా కడితే చాలు. పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకుని అనుబంధ ఆసుపత్రిలో చేరవచ్చు, మందులూ అక్కడే ఇస్తారు. ఈ కార్డు ఉన్నవారికి అదనపు బీమా అవసరం నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ. గిద్దలూరు వైపు ఉండే మాజీ సైనికులకు అసలు ఇబ్బంది దూరం, ప్రయాణం. అది పాలసీ కొంటే తీరేది కాదు. రైల్వే పెన్షనర్లకు వారి వైద్య పథకం, దాని గుర్తింపు కార్డు ఉమీద్ ఉన్నాయి కాబట్టి వారి పరిస్థితీ దాదాపు ఇదే.

## ఏ కొలతలతో చూడాలి

ప్రకటనల్లో కనిపించే బీమా మొత్తాన్ని పక్కనపెట్టి, ఏ పాలసీనైనా ఈ ప్రశ్నలతో చూడాలని నా సలహా.

ఒకటి, ఇది ప్రభుత్వ కార్డుతో కలిసి పనిచేస్తుందా, లేక దానికి బదులుగా పనిచేస్తుందా? ఈ తేడా చాలామందికి ఏజెంటు చెప్పడు. రాత్రిపూట అత్యవసర విభాగంలో రోగిని లోపలికి తీసుకెళ్ళాక, బయట కౌంటరులో అడిగే మొదటి ప్రశ్న "ఏ కార్డు మీద చేరుస్తున్నారు?" అన్నది. ఈహెచ్ఎస్ అంటే ట్రస్టు డెస్కుకు పంపి ప్యాకేజీకి అనుమతి పెడతారు. బీమా అంటే, కంపెనీల తరఫున క్లెయిములు చూసే టీపీఏ డెస్కుకు పంపుతారు. ఒకే చికిత్సకు సగం ఇక్కడ, సగం అక్కడ అంటే కుదరదు. ప్యాకేజీ కింద చేరినవారికి వివరమైన బిల్లు, చెల్లింపు రశీదులు చేతికి రావు. అవి లేకుండా బీమా కంపెనీ క్లెయిమ్‌ను చూడదు. సీజీహెచ్ఎస్‌లో మాత్రం ఒక వెసులుబాటుంది. ముందు బీమా కంపెనీ నుంచి రాబట్టుకుని, మిగిలిన ఖర్చును నిబంధనల మేరకు సీజీహెచ్ఎస్ నుంచి కోరవచ్చు. రెండూ కలిపి ఖర్చుకు మించకూడదు.

రెండు, పాత జబ్బులకు ఎంతకాలం ఆగాలి? 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించకూడదు. అంతకుముందు అది 48 నెలలు. 65 ఏళ్ళ వరకు ఉన్నవారికి కొత్త పాలసీ ఇస్తే చాలన్న పాత నిబంధన కూడా అప్పుడే పోయింది. 62వ ఏట షుగరు, బీపీలతో పాలసీ తీసుకున్నవారికి వాటికి సంబంధించిన చికిత్స 65 నిండేసరికి దక్కుతుంది. 74లో తీసుకున్నవారికి 77 వస్తుంది. మధ్యలో మూడేళ్ళ ప్రీమియం ఎందుకు కడుతున్నామో తెలిసి కట్టాలి.

మూడు, కోతలు ఎక్కడున్నాయి? కో-పే (క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన శాతం), గది అద్దె పరిమితి, కంటిశుక్లం, మోకీలు మార్పిడి వంటి వాటికి విడివిడి పరిమితులు, ఈ మూడూ పాలసీ పత్రంలో వెతికి చూడాలి. నాలుగు, 75వ ఏట, 80వ ఏట కూడా ఆ ప్రీమియం కట్టగలమా? వృద్ధుల ప్రీమియాన్ని తమను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచవద్దని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. ఇది మంచి రక్షణే. అయినా ఏటా 10 శాతం చొప్పున పెరిగితే ఇప్పటి 40,000 రూపాయలు ఎనిమిదేళ్ళలో 85,000 దాటుతుంది. ఐదు, కాగితాల పని చూసేవారు ఎవరు? పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్ళున్నప్పుడు, రీయింబర్స్‌మెంటు మీద ఆధారపడే పాలసీ ఎంత మంచిదైనా భారమే అవుతుంది.

## సీనియర్ సిటిజన్ల పూర్తిస్థాయి పాలసీ

ఇది ఆసుపత్రి ఖర్చును మొదటి రూపాయి నుంచి భరించే మామూలు ఆరోగ్య బీమా. కార్డు చెల్లని ఆసుపత్రికి వెళ్ళాలనుకునేవారికి నేరుగా పనికొచ్చేది ఇదే. చెన్నైలోనో హైదరాబాదులోనో ఇప్పటికే ఒక వైద్యుడి దగ్గర చూపించుకుంటున్నవారు, ఆయన పనిచేసే ఆసుపత్రి ఈహెచ్ఎస్ నెట్‌వర్క్‌లో లేదని తేలితే దీని గురించి ఆలోచించాలి. దీని లోపం ఖరీదు. వయసు పైబడినవారి కోసం ప్రత్యేకంగా రూపొందించిన పాలసీల్లో కో-పే 20, 30 శాతం దాకా ఉండడం సాధారణం.

ప్రీమియం తక్కువలో చూసుకోదలచినవారికి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీ ఉంది. ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు 2020 ఏప్రిల్‌లో ఇది వచ్చింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా షరతులు ఒకటే కాబట్టి ప్రీమియం, సేవ మాత్రమే పోల్చుకుంటే సరిపోతుంది. కో-పే 5 శాతమే. అయితే గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, అది కూడా రోజుకు 5,000 రూపాయలకు లోబడి ఇస్తారు. కంటిశుక్లానికి ఒక్కో కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40,000, ఏది తక్కువైతే అది ఇస్తారు.

గది అద్దె పరిమితి ఎంత నష్టం చేస్తుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. 3 లక్షల ఆరోగ్య సంజీవని పాలసీ ఉన్న వ్యక్తి శస్త్రచికిత్స కోసం 8,000 రూపాయల గదిలో 4 రోజులు ఉన్నారనుకుందాం. బిల్లు 2,40,000. ఇందులో గది అద్దె 32,000, సర్జన్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ వంటి ఖర్చులు 1,28,000, మందులు, పరీక్షలు, ఇంప్లాంటు కలిపి 80,000. అర్హత 5,000 గదికే కాబట్టి అద్దెలో 20,000 మాత్రమే వస్తుంది. అంతటితో ఆగదు. గదితో ముడిపడిన సర్జన్, థియేటర్ ఖర్చులను కూడా ఎనిమిదింట ఐదు వంతులకు తగ్గించి 80,000 లెక్కగడతారు. మందులు, పరీక్షలు, ఇంప్లాంటు మీద ఈ కోత పడదు. మొత్తం 1,80,000. అందులో 5 శాతం కో-పే 9,000 పోతే కంపెనీ చెల్లించేది 1,71,000. ఇంటివారు కట్టేది 69,000. అదే 5,000 రూపాయల గదిలో ఉండి ఉంటే ఆ గది తరగతికి తగ్గట్టు మిగతా బిల్లు కూడా తగ్గేది, చేతి నుంచి పెట్టేది కో-పే, బీమా ఇవ్వని చిల్లర ఖర్చులు మాత్రమే అయ్యేది. కాబట్టి ఈ పాలసీ కొంటే ఆసుపత్రిలో చేరేరోజు గది ఎంపికను బంధువులకు వదిలేయకూడదు.

## సూపర్ టాపప్

ఏజెంట్లు ఇప్పుడు పెన్షనర్లకు ఎక్కువగా చెబుతున్నది దీన్నే. "మొదటి 5 లక్షలు మీ కార్డు చూసుకుంటుంది, ఆపై మేం చూసుకుంటాం" అన్న మాట వినడానికి బాగుంటుంది, ప్రీమియమూ తక్కువ. ఈ మాటను జాగ్రత్తగా పరీక్షించాలి.

టాపప్, సూపర్ టాపప్ రెండూ డిడక్టిబుల్ అనే నిర్ణీత మొత్తం దాటిన ఖర్చునే ఇస్తాయి. టాపప్‌లో ఆ డిడక్టిబుల్‌ను ప్రతి క్లెయిమ్‌కు విడిగా చూస్తారు. సూపర్ టాపప్‌లో ఏడాది మొత్తం ఖర్చును కలిపి చూస్తారు. డిడక్టిబుల్ 5 లక్షలు ఉన్నప్పుడు ఒకే ఏడాదిలో 3.5 లక్షలు ఒకసారి, 4 లక్షలు మరోసారి ఖర్చయితే టాపప్ ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. సూపర్ టాపప్ 2.5 లక్షలు ఇస్తుంది. వృద్ధాప్యంలో ఒకే ఏడాది రెండు మూడుసార్లు చేరవలసి రావడం మామూలే కనుక, కొంటే సూపర్ టాపప్పే కొనాలి.

ఇక ఈహెచ్ఎస్‌తో దీనికి పొత్తు ఎలా కుదురుతుందో చూద్దాం. డిడక్టిబుల్ దాటిందో లేదో కంపెనీ బిల్లుల ఆధారంగా తేలుస్తుంది. ఈహెచ్ఎస్ ప్యాకేజీలో చేరినప్పుడు మీ పేరున అటువంటి బిల్లు తయారు కాదని పైన చెప్పుకున్నాం. పైగా ట్రస్టు నెట్‌వర్క్‌లో ప్యాకేజీ కింద చేరితే అదనపు భారం రోగి మీద పడకూడదన్నది నియమం, కాబట్టి అక్కడ సూపర్ టాపప్ చేయవలసిన పని పెద్దగా లేదు. నెట్‌వర్క్ బయట పెద్ద ఆసుపత్రిలో చేరితే మొదటి 5 లక్షలు మీరే చెల్లించి, ఆపైన ఖర్చుకు సూపర్ టాపప్ వాడుకుని, మొదటి భాగానికి రీయింబర్స్‌మెంటు ప్రయత్నం చేసుకోవాలి. అందుచేత 5 లక్షలు వెంటనే తీయగలిగిన నిల్వ ఉన్న ఈహెచ్ఎస్ పెన్షనరుకు ఇది చవకైన, చక్కని రక్షణ. ఆ నిల్వ లేనివారికి ఇది కాగితం మీది భరోసా మాత్రమే. సీజీహెచ్ఎస్ వారికి, రెండు చోట్లా వరుసగా కోరే వీలున్నందువల్ల, ఇది ఇంకాస్త బాగా అమరుతుంది.

## పిల్లల కంపెనీ గ్రూప్ పాలసీ

మన జిల్లాల్లో పెన్షనర్ల పిల్లలు ఎందరో బెంగళూరు, హైదరాబాదు, చెన్నై నగరాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. చాలా కంపెనీలు ఉద్యోగి జీతం నుంచి కొంత మినహాయించుకుని తల్లిదండ్రులను గ్రూప్ పాలసీలో చేర్చుకుంటాయి. ఇటువంటి పాలసీల్లో పాత జబ్బులకు వెయిటింగ్ లేకుండా మొదటి రోజు నుంచే రక్షణ ఇవ్వడం తరచుగా కనిపిస్తుంది. వైద్య పరీక్షలూ అడగరు. షుగరు, గుండెజబ్బు ఉన్న 70 ఏళ్ళ వ్యక్తికి బజారులో ఇంతకంటే మంచి షరతులు దొరకవు. బయట పాలసీ కోసం తిరిగేముందు కొడుకునో కూతురినో ఈ విషయం అడగాలి. నమోదు సాధారణంగా ఏడాదిలో కొద్దిరోజులే తెరిచి ఉంటుంది.

దీనికున్న ఒకే ఒక్క బలహీనత చాలా పెద్దది. ఉద్యోగం మారితే, పోతే, ఆ రోజుతో రక్షణ ఆగిపోతుంది. అప్పటికి తల్లిదండ్రుల వయసు 76 అయి ఉండి కొత్త పాలసీకి మళ్ళీ మూడేళ్ళు ఆగవలసి వస్తే కష్టం. కనుక ఈ పాలసీ ఉన్న కాలంలోనే పక్కన చిన్న సూపర్ టాపప్ తీసుకుని వెయిటింగ్ పీరియడ్ గడిపేయడం నాకు తెలిసినంతలో మంచి పద్ధతి. గ్రూప్ పాలసీ ఆగిపోయినా ఆ సూపర్ టాపప్‌లో పాత జబ్బుల గడువు అప్పటికి తీరిపోయి ఉంటుంది.

## రోజువారీ నగదు, తీవ్ర వ్యాధుల పాలసీలు

వీటికి ఆసుపత్రి బిల్లుతో సంబంధం లేదు. ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోజుకూ ఒప్పుకున్న మొత్తం ఇచ్చేది హాస్పిటల్ క్యాష్. జాబితాలోని క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం వంటి వ్యాధి నిర్ధారణ అయితే ఏకమొత్తం ఇచ్చేది తీవ్ర వ్యాధుల పాలసీ. ఈహెచ్ఎస్‌లో ఉచితంగా చికిత్స జరిగినా ఈ డబ్బు వస్తుంది. ప్రభుత్వ కార్డుకు నిజంగా తోడుగా నిలిచేవి ఇవే. మార్కాపురం నుంచి గుంటూరుకో విజయవాడకో రోగిని తీసుకెళ్ళినప్పుడు తోడున్నవారి బస, భోజనం, కారు కిరాయి, ఇంటికొచ్చాక పెట్టుకునే మనిషి జీతం ఏ కార్డూ ఇవ్వదు. రోజుకు 2,000 రూపాయలు వచ్చినా ఆ లోటు చాలావరకు పూడుతుంది.

అయితే తీవ్ర వ్యాధుల పాలసీలు చాలావరకు 65 ఏళ్ళ తర్వాత కొత్తగా ఇవ్వరు, వ్యాధి తీవ్రత గురించి నిర్వచనాలు కఠినంగా ఉంటాయి. విరమణకు ఒకటి రెండేళ్ళ ముందున్నవారే వీటిని తీరిగ్గా చూసుకోగలరు. డెబ్భై దాటినవారు వీటి మీద సమయం వృథా చేసుకోనక్కరలేదు.

## పాలసీ వద్దు, ప్రత్యేక నిధి చాలు అనుకుంటే

ఇది కూడా ఒక ఎంపికే, తీసిపారేయవలసినది కాదు. ఏటా 40,000 ప్రీమియం బదులు అదే మొత్తాన్ని విడిగా దాచుకుంటే ఐదేళ్ళలో 2 లక్షలు, దానిపై వడ్డీ ఉంటుంది. మందులు, పరీక్షలు, పళ్ళు, కళ్ళజోడు, వినికిడి యంత్రం వంటి, బీమా మామూలుగా ముట్టుకోని ఖర్చులకు కూడా ఈ డబ్బు ఉపయోగపడుతుంది. దీన్ని పూర్తిగా సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో పెట్టకూడదు. ఏడాది దాటి రెండేళ్ళలోపు తీస్తే అసలులో 1.5 శాతం, ఆ తర్వాత గడువులోపు తీస్తే 1 శాతం కోత ఉంది. కనీసం లక్ష రూపాయలు భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో, ఏ ఒక్కరైనా తీయగలిగేలా ఉంచుకోవాలి. భర్త ఐసీయూలో ఉండి, డబ్బు ఆయన ఒక్కరి పేరున ఉండి, ఇంటావిడ అప్పు కోసం తిరగవలసి రావడం తప్పించదగిన కష్టం.

నిధి చాలదనే మాట పెద్ద జబ్బు వచ్చినప్పుడు నిజం. ఈహెచ్ఎస్ నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే చికిత్సకు సిద్ధపడేవారికి మాత్రం ఆ పెద్ద ఖర్చును కార్డు మోస్తుంది, నిధి చిల్లర ఖర్చులను మోస్తుంది. ఈ జంట మీద నాకు మంచి అభిప్రాయం ఉంది.

## డెబ్భై దాటినవారి ఆయుష్మాన్ కార్డు

2024 అక్టోబరు 29న కేంద్రం 70 ఏళ్ళు నిండిన అందరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్య రక్షణను ఆయుష్మాన్ వయ వందన కార్డు పేరుతో ప్రారంభించింది. ప్రైవేటు బీమా ఉన్నవారూ దీన్ని తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. బయటి రోగి చికిత్స, మందులు కలిసివచ్చే పాత పథకాన్ని వదులుకుని, ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చే దీనికి మారడం వారికి నష్టం. ఏ ప్రభుత్వ కార్డూ లేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇంట్లో ఉంటే వారికి దీని గురించి చెప్పడం మేలు.

## ఒక్కచోట చూస్తే

| ఎంపిక | ఈహెచ్ఎస్‌తో పొత్తు | పాత జబ్బులు | ఖర్చు భారం | ఎక్కడ తేడా వస్తుంది |
|---|---|---|---|---|
| పూర్తిస్థాయి పాలసీ | కార్డుకు బదులుగా వాడాలి | గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి | ఎక్కువ, ఏటా పెరుగుతుంది | కో-పే, గది అద్దె కోతలు |
| సూపర్ టాపప్ | నెట్‌వర్క్ బయట మాత్రమే | గరిష్ఠంగా 36 నెలలు | తక్కువ | డిడక్టిబుల్ మేర చేతిలో డబ్బుండాలి |
| పిల్లల గ్రూప్ పాలసీ | కార్డుకు బదులుగా | తరచుగా మొదటి రోజు నుంచే | మధ్యస్థం | ఉద్యోగంతో పాటే ముగుస్తుంది |
| హాస్పిటల్ క్యాష్ | కార్డుతో కలిసి | పాలసీని బట్టి | తక్కువ | రోజుల పరిమితి |
| సొంత నిధి | కార్డుతో కలిసి | ప్రశ్నే లేదు | మీ ఇష్టం | పెద్ద జబ్బుకు ఒంటరిగా చాలదు |

## ఎవరు ఏ వైపు మొగ్గాలి

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి పట్టణాల్లో ఉంటూ, అక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రులతోనే సంతృప్తిగా ఉన్న ఈహెచ్ఎస్ దంపతులు మొదట నిధి ఏర్పరచుకోవాలి. వయసు 65 లోపు ఉంటే రోజువారీ నగదు పాలసీ ఒకటి కలుపుకోవచ్చు. పూర్తిస్థాయి పాలసీ వారికి తప్పనిసరి కాదు.

కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఉండి, కిడ్నీ జబ్బు భయం కుటుంబంలో ఉన్నవారి విషయం వేరు. డయాలసిస్ దాకా వస్తే అది వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి సాగే చికిత్స. కొత్త పాలసీ వెయిటింగ్ పీరియడ్‌లో దాన్ని ఇవ్వదు, ఇచ్చినా బీమా మొత్తం త్వరగా కరిగిపోతుంది. వారికి ఈహెచ్ఎస్ కార్డే ప్రధాన ఆధారం. ఇంటికి దగ్గరలో ఏ కేంద్రంలో ఆ కార్డు చెల్లుతుందో ముందే తెలుసుకోవడం, ప్రయాణ ఖర్చులకు నిధి ఉంచుకోవడం ముఖ్యం.

ఒంటరిగా ఉంటున్న కుటుంబ పెన్షనరు విషయంలో నేను ఖచ్చితంగా నగదు రహిత పద్ధతి వైపే మొగ్గుతాను. కుటుంబ పెన్షన్ అసలు పెన్షన్ కంటే తక్కువ. ముందు చెల్లించి తర్వాత రాబట్టుకునే పాలసీ ఆమెకు అమ్మకూడదు. భర్త మరణించాక ఈహెచ్ఎస్ కార్డు ఆమె పేరున సరిగా మారిందో లేదో చూడడం, ఏ పాలసీ కొనడం కంటే ముందు చేయవలసిన పని. పిల్లల కంపెనీలో అవకాశం ఉంటే అది రెండో పని.

చెన్నైలోనో వెల్లూరులోనో చూపించుకోవడం ఇంటి అలవాటుగా ఉన్నవారు, అరవై రెండు మూడేళ్ళ లోపు ఉంటే పూర్తిస్థాయి పాలసీ ఇప్పుడే తీసుకోవాలి, ఆలస్యం చేసిన ప్రతి ఏడూ వెయిటింగ్ ముగింపును వెనక్కి నెడుతుంది. 5 లక్షలు నిల్వ ఉన్నవారైతే దీని బదులు సూపర్ టాపప్ చాలు. సీజీహెచ్ఎస్ పెన్షనర్లు ముందు స్థిర వైద్య భత్యంతో పాటు ఆసుపత్రి చికిత్స కార్డును కూడా ఎంచుకున్నారో లేదో సరిచూసుకుని, ఆ తర్వాతే సూపర్ టాపప్ గురించి ఆలోచించాలి.

## కొనే రోజున

ప్రతిపాదన పత్రాన్ని ఏజెంటు ఫోన్‌లో నింపుతూ, షుగరు ఉందా అన్నచోట "లేదు" అని నొక్కేసి, ఫర్వాలేదు సార్ అనే సందర్భాలు ఉన్నాయి. మీరు చెప్పిన ప్రతి జబ్బూ, వాడే ప్రతి మందూ పత్రంలో ఉండేలా చూసి, నింపిన పత్రం ప్రతి అడిగి తీసుకోవాలి. 60 నెలలు నిరంతరాయంగా పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్న నియమం ఉంది. అయితే ఆ ఐదేళ్ళలోపు దాచిన షుగరు మందుబిళ్ళ చీటీ ఒక్కటి చాలు, గుండె ఆపరేషన్ క్లెయిమ్ పోవడానికి.

పాలసీ అందాక 30 రోజుల్లోపు చదివి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి పాత లెక్కలో 18 శాతం కలిపి చెబితే ప్రశ్నించాలి. పాత పన్ను విధానంలో ఉన్న సీనియర్ సిటిజన్లకు 50,000 రూపాయల వరకు ప్రీమియం మీద మినహాయింపు ఉంది. అది దక్కాలంటే నగదు రూపంలో కాకుండా చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో చెల్లించాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే మొదట కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయాలి. గడువులోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, ఐఆర్‌డీఏఐ వారి 155255 నంబరుకు గానీ, బీమా భరోసా పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ పరిధిలోకి ఆంధ్రప్రదేశ్ కూడా వస్తుంది. 50 లక్షల వరకు వివాదాలను అక్కడ రుసుము లేకుండా, న్యాయవాది అవసరం లేకుండా పరిష్కరిస్తారు. కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవాలి. తిరస్కరణ లేఖ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల నకళ్ళు, ప్రతిపాదన పత్రం ప్రతి ఈ దరఖాస్తుకు జతచేయాలి కాబట్టి, ఆసుపత్రికి అసలు కాగితాలు ఇచ్చేముందు వాటిని ఫోన్‌లో ఫొటో తీసి పిల్లలకు పంపి ఉంచాలి.